నూగు గొర్రెపిల్ల

సిరిసిల్లలో కరెంటు పోతే సంతోషపడే మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు వీరేందర్. ముప్పై ఏళ్లుగా సాంచెలు నడుపుతున్నాడు. సాంచె అంటే మరమగ్గమే, కానీ ఈ ఊళ్లో దాన్ని మరమగ్గం అని పిలిచేది కాగితాల మీద రాసేవాళ్లు మాత్రమే. కరెంటు పోగానే వాడకట్టులోని సాంచెలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకుంటాయి. నేతగాళ్లు బీడీలు ముట్టించి, కరెంటోళ్లను తిట్టుకుంటూ అరుగుల మీద కూలబడతారు. వీరేందర్ మాత్రం షెడ్డు గోడకు ఆనుకుని ఉన్న తన ఇంట్లోకి పోయి, వెలుతురు పడేలా తలుపు దగ్గరికి బల్ల లాక్కుని, దాని మీద పాత కిటికీ అద్దం పరిచి, ఫోను బయటికి తీస్తాడు. కరెంటు పోతే పండుగ చేసుకునేది మా ఇంటాయన ఒక్కడేనని అతని భార్య స్వర్ణలత వాడకట్టంతా చెప్పుకుని నవ్వుతుంది.

అతనికి కరెంటు మీద పగేమీ లేదు. సాంచెలు నడుస్తున్నంతసేపూ ఆ గోడ, గోడతో పాటు నేల, నేలతో పాటు బల్ల సన్నగా అదురుతూనే ఉంటాయి. మనుషులకు అలవాటైపోయింది కాబట్టి తెలియదు. అద్దం మీద పెట్టిన గుడ్డముక్కల బొమ్మలకు మాత్రం బాగా తెలుస్తుంది. వీరేందర్ చేసేది గుడ్డ బొమ్మల సినిమా. బొమ్మను పెట్టి ఒక ఫోటో తీయాలి, వెంట్రుక వాసి జరిపి ఇంకో ఫోటో తీయాలి. అలా పన్నెండు తీస్తే ఒక్క సెకను. మధ్యలో బల్ల అదిరితే అప్పటిదాకా చేసిందంతా మన్నుపాలు.

ఈ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు. ఫోనులో ఎవరో చేస్తుంటే చూశాడు, చూసి తనలో తాను నవ్వుకున్నాడు. ఎందుకంటే అది అతనికి చేతనైన పనే. చీర అంచులో పువ్వు రావాలంటే నేతగాడు ముందు గళ్ల కాగితం మీద ఆ పువ్వును గీసుకుంటాడు. గళ్లలో ఒక్కో వరుస ఒక్కో పోగు. ఆ వరుసల ప్రకారం చెక్కపట్టీలకు మేకులు దిగ్గొట్టి సాంచెకు ఎక్కిస్తే, పోగు వెనక పోగు పడుతూ పడుతూ పువ్వు దానంతటదే విచ్చుకుంటుంది. ఏ ఒక్క పోగులోనూ పువ్వు ఉండదు, వరసలో ఉంటుంది. బొమ్మల సినిమా కూడా అంతే కదా అనుకున్నాడు వీరేందర్. బట్ట అంచుల నుంచి కత్తిరించిన పీలికలతో ఒక పిచ్చుకను చేసి, అది జొన్నగింజలు తింటున్నట్టు తొమ్మిది సెకన్ల బొమ్మ తీశాడు. దాన్ని చూసి షెడ్డు ఆసామి దేవయ్య అతనికి కార్టూన్ వీరేందర్ అని పేరు పెట్టాడు. పేరు బాగానే అతికింది, ఇప్పటికీ ఊడలేదు.

ఆ కార్టూన్ వీరేందర్ కిందటి సంవత్సరం డిసెంబరులో చేసిన పని గురించే ఇదంతా. అది చెప్పాలంటే ముందు కోరుట్ల సత్యవ్వ గురించి చెప్పాలి.

వీరేందర్ పుట్టింది కోరుట్లలో. వాళ్ల నాన్న చేతిమగ్గం నేసేవాడు. తర్వాత మగ్గాల పని తగ్గిపోయి కుటుంబమంతా సిరిసిల్ల చేరింది గానీ, అతనికి పన్నెండేళ్లు వచ్చేదాకా వాళ్లుండేది కోరుట్ల చర్చి వెనక గల్లీలోనే. ఆ గల్లీలో సత్యవ్వ ఉండేది. చిన్న దవాఖానలో ఆయాగా చేసేది. సగం ఊరికి బొడ్డు కోసిన చేతులు ఆమెవి. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం చర్చి అరుగు మీద కూర్చుని పిల్లలకు ఒక కథ చెప్పేది. ఎవరింటి పిల్లలు, ఏ దేవుడికి మొక్కేవాళ్లు అనే విచారణ ఉండేది కాదు. ముక్కు తుడుచుకుని రావాలి, అదొక్కటే షరతు.

కథ ఏటా ఒకటే. యేసయ్య పుట్టిన రాత్రి పొలాల్లో గొర్రెల కాపరులు మంద పెట్టుకుని ఉన్నారు. ఆకాశం నిండా వెలుగు వచ్చింది, బాలుడు పుట్టాడని కబురు తెలిసింది. కాపరులు గొంగళ్లు భుజాన వేసుకుని, ఒకడు పాలు, ఒకడు వెన్న పట్టుకుని ఉరికారు. మంద వాళ్ల వెనక ఉరికింది. ఒక కుంటి గొర్రెపిల్ల మాత్రం వెనకబడింది. అది కూడా బయల్దేరింది. ఇక్కడి నుంచి సత్యవ్వ నోటితో పాటు చేయి కూడా కథ చెప్పేది. నాలుగు వేళ్లను తొడ మీద నిలబెట్టి నడిపించేది. మూడు వేళ్లు టక్, టక్, టక్ మని అడుగులు వేసేవి, నాలుగో వేలు ముడుచుకుని ఆగిపోయేది. సత్యవ్వ కూడా ఆగిపోయేది. పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. అప్పుడు ఆమె చాలా దిగులుగా, "ఆగిపోయిందా పిలగాండ్లూ?" అని అడిగేది. గొర్రెపిల్ల వస్తూనే ఉందని గల్లీ మొత్తం వినబడేలా పిల్లలు, "లేదవ్వా, అత్తాంది!" అని అరిచేవాళ్లు. వేళ్లు మళ్లీ కదిలేవి. వాగు దగ్గర ఒకసారి, ముళ్లకంప దగ్గర ఒకసారి, గుట్ట ఎక్కేటప్పుడు ఒకసారి, అలా ఆమెకు ఓపిక ఉన్నన్నిసార్లు. గొర్రెపిల్ల చేరేసరికి తెల్లవారుతుంది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు, తెచ్చిన గొంగళ్లన్నీ గరుకువి, పశువుల తొట్టిలో బాలుడి కాళ్లు చల్లగా ఉన్నాయి. గొర్రెపిల్ల మెల్లగా ఆ కాళ్ల దగ్గర పడుకుంది. కాళ్లు వెచ్చబడ్డాయి. కథ అక్కడ ముగించి, సత్యవ్వ తన చల్లని చేతిని అందరికన్నా ముందు కూర్చున్న పసివాడి పాదం మీద చటుక్కున పెట్టేది. వాడు ఎగిరిపడేవాడు, అందరూ విరగబడి నవ్వేవాళ్లు.

వీరేందర్ ఆరేళ్ల పాటు ఆ కథ విన్నాడు. అందరికన్నా గట్టిగా అరిచింది అతనే. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి అతని ఎడమకాలు సన్నబడింది. మిగతా ఆటల్లో అతనికి భాగం ఉండేది కాదు, ఈ ఆటలో నోరుంటే చాలు. అతని నడక ఇప్పటికీ అలాంటిదే. మూడడుగులు వేస్తాడు, ఒక క్షణం ఆగి తొడ మీద చేయి ఆనించి కాలును కూడదీసుకుంటాడు, మళ్లీ మూడడుగులు. ఆ కాలుతోనే రోజుకు పన్నెండు గంటలు ఎనిమిది సాంచెల మధ్య తిరుగుతాడు. అతను సాయం అడగడం ఎవరూ చూడలేదు.

కిందటి సంవత్సరం వానకాలంలో సత్యవ్వకు పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. కూతురు సంగీత జగిత్యాల ఆస్పత్రిలో నర్సు కాబట్టి వెంటనే అక్కడికి తీసుకుపోయింది. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. విషయం తెలిసి వీరేందర్ జగిత్యాల వెళ్లాడు. సత్యవ్వ అతన్ని గుర్తుపట్టి ఏదో చెప్పబోయింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమెకు కోపం వచ్చి ముఖం అటు తిప్పుకుంది. ఇంత మాటకారి మనిషికి దేవుడు ఈ శిక్ష ఎందుకు వేశాడో నాకూ అర్థం కాదు.

బయట వరండాలో సంగీత అతనికి అసలు బాధ చెప్పింది. ఈ సంవత్సరం క్రిస్మస్ కథ ఎవరు చెప్పాలన్న మాట వచ్చిందట. పాస్టరు గారు తాను చదివి వినిపిస్తానన్నారట. పిల్లలు ఒప్పుకోలేదట, సత్యవ్వ చెప్తేనే వింటామన్నారట. అది విన్నప్పటి నుంచి తల్లి సరిగ్గా అన్నం ముట్టడం లేదట. నలభై ఏళ్లకు పైగా ఒక్క సంవత్సరం కూడా ఆ కథ ఆగలేదు. ఇప్పుడు తనతోనే ఆగిపోతుందన్నది ఆమె దిగులు.

వీరేందర్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం మంచం దగ్గరికి తిరిగి వెళ్లి, వంగి, ఆమె చెవిలో, "అవ్వా, నీ కథ ఆగది. బొమ్మ తీస్త. పండుగకు నీ ముంగటనే సూపిస్త," అన్నాడు. సత్యవ్వ అతని వైపు అనుమానంగా చూసింది. బొమ్మ అంటే ఏమిటో ఆమెకు తెలియకపోవచ్చు. కానీ ఆ రాత్రి అన్నం తిన్నదని మర్నాడు సంగీత ఫోను చేసింది. మాట ఇచ్చేశాడు కాబట్టి ఇక వెనక్కి పోవడానికి లేదు.

గొర్రెపిల్లను దేనితో చేయాలన్నది మొదటి చిక్కు. గుడ్డతో చేస్తే దిండులా ఉంది, దూదితో చేస్తే మేఘంలా ఉంది. చివరికి షెడ్డు ఊడ్చేటప్పుడు దొరికింది. సాంచెల కింద రోజూ పోగుల నుంచి రాలిన నూగు పేరుకుంటుంది. కొంచెం మాసినట్టు, కొంచెం ఉండలు కట్టి, అచ్చం మందలో తిరిగే గొర్రె ఒంటిలాగే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ నూగును ఊడ్చి పారేశాడు, పీల్చి దగ్గాడు. ఇప్పుడు దాన్ని దోసిట్లో పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక కాలు పొట్టిగా పెట్టి గొర్రెపిల్లను చేశాడు. కాపరులకు నిజమైన గొంగడి ముక్క దొరికింది. ఆకాశానికి స్వర్ణలత తన నీలం జాకెట్టు గుడ్డ ఇచ్చింది. నక్షత్రాన్ని కూడా ఆమే జరీ ముక్కతో కత్తిరించింది. పొద్దున్నే దేవుడి పటాల ముందు దీపం పెట్టి, అదే చేత్తో యేసయ్య నక్షత్రం కత్తిరించిన మనిషి ఆమె. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డమని ఆమెకు తోచనే లేదు.

మూడు నెలలు పట్టింది. కరెంటు పోయినప్పుడల్లా ఓ యాభై, అరవై ఫోటోలు, అతని లెక్కలో బొమ్మలు. ఫ్యాను వేయకూడదు, గట్టిగా ఊపిరి వదలకూడదు. ఒకసారి స్వర్ణలత తుమ్మితే ఇద్దరు కాపరులు, సగం మంద ఎగిరిపోయి పొయ్యి దగ్గర తేలారు. అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు బొమ్మలు తీశాడు, ఆరు నిమిషాల సినిమా అయింది. మాటలు లేవు. సత్యవ్వ గొంతు ఎవరి దగ్గరా రికార్డు చేసి లేదు, ఇంకొకరి గొంతు పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. లేగదూడ మెడలో కట్టే చిన్న గంట చప్పుడు ఒక్కటి పెట్టాడు.

డిసెంబరు మొదటి ఆదివారం ఫోను జేబులో పెట్టుకుని కోరుట్ల వెళ్లాడు. అప్పటికి సత్యవ్వను ఇంటికి తెచ్చారు. సంగీత కూడా సెలవు పెట్టుకుని అక్కడే ఉంది. మంచానికి దిండు ఆనించి తల్లిని కూర్చోబెట్టి, ఫోనును ఆమె కళ్ల ముందు పట్టుకుంది. గొంగడి కాపరులను చూడగానే సత్యవ్వ ముఖం విచ్చుకుంది. జరీ నక్షత్రం మెరిసినప్పుడు బోసినోటితో నవ్వింది. వీరేందర్‌కు కడుపు నిండిపోయింది. తర్వాత గొర్రెపిల్ల నడవడం మొదలైంది. వాగు దాటింది, ముళ్లకంప దాటింది, గుట్ట ఎక్కింది. చూస్తుండగానే సత్యవ్వ ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. సినిమా అయిపోయింది. ఆమె గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది.

వీరేందర్‌కు ఏమీ అర్థం కాలేదు. మాటలు లేవని చిన్నబుచ్చుకుందేమో అనుకున్నాడు. అంతలో సత్యవ్వ కళ్లు తెరిచి, పనిచేసే ఎడమ చేతిని మంచం పట్టె మీద పెట్టింది. మూడు వేళ్లు టక్, టక్, టక్ మన్నాయి. నాలుగో వేలు ముడుచుకుని ఆగింది. అతని కళ్లలోకి చూసింది. మళ్లీ మూడు, మళ్లీ ఆగింది. సంగీతకు అర్థమైంది.

"తమ్మీ, నీ గొర్రెపిల్ల యాడ గూడ ఆగుతనే లేదు గదా," అన్నది.

అవును, ఆగడం లేదు. ఆగకుండా చేసింది అతనే. మొదట తీసినప్పుడు గొర్రెపిల్ల మూడడుగులు వేసి ఆగింది. కానీ ఆ బొమ్మలన్నీ వరసగా ఆడించి చూసుకుంటే, ఆగిన ప్రతిచోటా అతని కంటికి అది తప్పులా కనబడింది. నేతగాడి కన్ను అది. నడుస్తున్న సాంచెలో పోగు తెగితే చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి, సగంలో తెగినదాన్ని లాగేసి, సరిగ్గా ఆ పోగు నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. అటూ ఇటూ అయితే బట్టకు అడ్డంగా సన్నని గీత పడుతుంది. ఆ గీత పడిన బట్ట తాను వెనక్కి వస్తుంది, నేసినవాడు తలదించుకుంటాడు. ముప్పై ఏళ్లుగా బట్ట మీద వేళ్లు ఆనించి ఎక్కడ సందు ఉందా అని వెతకడమే అతని బతుకు. అందుకే గొర్రెపిల్ల ఆగిన ప్రతిచోటా మధ్యలో ఇంకొన్ని బొమ్మలు తీసి కలిపాడు. సందులన్నీ పూడ్చాడు. ఎక్కడా గీత లేని తానులా వచ్చిందని మురిసిపోయాడు. కాలు పొట్టిగా ఉన్న గొర్రెపిల్ల పట్టు మీద జారినట్టు సాఫీగా పోయింది.

అదంతా అతను తడబడుతూ చెప్పాడు. సంగీత విన్నది. కాసేపు తల్లి వైపు చూసి, ఇన్నేళ్లూ చెప్పని మాట ఒకటి చెప్పింది.

"మొదట్ల గా గొర్రెపిల్లకు కుంటికాలు లేకుండె. అందరికన్న చిన్నది, గంతే. మీ నాయిన నిన్ను సంకల ఏసుకోని తెచ్చి అరుగు మీద కూసోబెట్టిన ఏడు, అమ్మ దానికి కుంటికాలు పెట్టింది. నాకు మంచిగ యాదున్నది, గప్పుడు నాకు పదేండ్లు."

ఆరేళ్ల పాటు తాను గొంతు చించుకుని ఎవరి కోసం అరిచాడో వీరేందర్‌కు నలభై రెండేళ్ల తర్వాత తెలిసింది. అవ్వ పాదాలకు మొక్కి, పండుగ నాటికి సరిచేసి తెస్తానని చెప్పి బయల్దేరాడు. కథలాపూర్, రుద్రంగి మీదుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాడు. ఎవరైనా చూస్తే కంట్లో నలకపడిందని చెప్పుకోవచ్చు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇల్లు చేరేసరికి స్వర్ణలత బీడీలు చుడుతూ కూర్చుంది. జరిగిందంతా చెప్పి, దాన్ని ఎన్ని బొమ్మల సేపు ఆపాలో తనకు అందడం లేదన్నాడు. తక్కువైతే తప్పులా ఉంటుంది, ఎక్కువైతే ఫోను పాడైనట్టు ఉంటుంది. స్వర్ణలత చేతిలో ఆకు పక్కన పెట్టింది.

"నువ్వు గల్లీల అడుగు పెట్టంగనే నాకు ఎరుకైతది. ఎట్లనో ఎన్నడన్న అడిగినవా? మూడడుగులు ఇనవడ్తయ్, ఆగుతది. గా ఆగుడుతోనే నువ్వని గుర్తుపడ్త. ఆగకుంటె వేరే ఎవలో పోతున్నరనుకుంట. లే, గోడ కాన్నుంచి గోడ దాక నడువు. నేను లెక్కవెడ్త."

అతను నడిచాడు. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో భార్య ముందు తన నడకను దాచకుండా, తొందరపెట్టకుండా నడవడం అదే మొదటిసారి. స్వర్ణలత నోరు బీడీల కట్టలు లెక్కపెట్టి ఆరితేరిన నోరు. అతను ఆగినప్పుడల్లా ఆమె ఒకే వేగంతో అంకెలు చదివింది. నాలుగుసార్లు నడిపించి, ఆగినంతసేపు పది బొమ్మలు పడుతుందని తేల్చింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆగినప్పుడు నువ్వు ఊరికే ఉండవు, తల పైకెత్తి ముందున్న దారి చూస్తావు అన్నది. ఆ సంగతి అతనికే తెలియదు.

గొర్రెపిల్ల నడక మొత్తం మళ్లీ తీయాలి. పండుగకు ఇంకా మూడు వారాలు కూడా లేవు. చలికాలం కాబట్టి కరెంటు ఒక్కసారి కూడా పోవడం లేదు. ఎన్నడూ లేనిది ఇప్పుడే వీళ్లకు బుద్ధి వచ్చిందా అని వీరేందర్ మొదటిసారి కరెంటోళ్లను తిట్టుకున్నాడు. నాలుగు రోజులు ఎదురుచూసి, ఐదో రోజు దేవయ్య దగ్గరికి పోయి నిలబడ్డాడు. మధ్యాహ్నం పూట రెండు గంటలు సాంచెలు ఆపగలరా అని అడిగాడు. ఎందుకో చెప్పాడు. ఆ షెడ్డులో ముప్పై ఏళ్లలో అతను అడిగిన మొదటి సాయం ఇదే. దేవయ్య నోరు మంచిది కాదు. కార్టూన్ల కోసం సాంచెలు ఆపిన ఆసామి ఈ జిల్లాలో ఎవడైనా ఉన్నాడా అని గట్టిగానే అడిగాడు. ఆ మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక స్విచ్చు తానే వెళ్లి ఆపాడు. ఎవరైనా అడిగితే మోటారు వేడెక్కిందని చెప్పమన్నాడు. వారం రోజుల పాటు ఆ మోటారు సరిగ్గా అదే వేళకు వేడెక్కింది.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, వీరేందర్, స్వర్ణలత కోరుట్ల చేరారు. తెర కూడా అతనే తెచ్చాడు, తాను నేసిన తెల్లని తాను. చర్చి లోపలి గోడకు అది కట్టారు. ప్రొజెక్టరు పాస్టరు గారు తెప్పించారు. అరవై మంది పిల్లలు కింద జంపఖానా మీద కూర్చున్నారు. సంగీత తల్లిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి పిల్లల పక్కనే, ముందు వరసలో నిలిపింది. వీరేందర్ అందరికన్నా వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సరిచేసింది ఇంకా సత్యవ్వకు చూపించలేదు. ఆమె ఈసారి కూడా ముఖం తిప్పుకుంటే తనకు ఈ ఊరికి మళ్లీ వచ్చే ముఖం ఉండదు.

కాపరులు వచ్చారు, ఆకాశం వెలిగింది, మంద ఉరికింది. గొర్రెపిల్ల బయల్దేరింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. తల పైకెత్తి ముందుకు చూసింది. గంట కూడా ఆగింది. ఆ పది బొమ్మల సందులో వీరేందర్ వేళ్లు వాటంతటవే గోడ మీద కదిలాయి, పూడ్చడానికి ఏదో వెతుకుతున్నట్టు. గొర్రెపిల్ల మళ్లీ నడిచింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకటి, రెండు, మూడు. ఆగింది. పిల్లలు సత్యవ్వ వైపు చూశారు. ఆమె అడగాలి కదా. ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు.

గొర్రెపిల్ల వాగు దగ్గరికి వచ్చి మూడోసారి ఆగింది. ముందు వరసలో నుంచి ఒక చిన్న గొంతు, ఎవరూ అడగకుండానే, సత్యవ్వకు ధైర్యం చెబుతున్నట్టు, "లేదవ్వా, అత్తాంది," అన్నది.

అంతే. ముళ్లకంప దగ్గర పది గొంతులు అన్నాయి. గుట్ట దగ్గర అరవై మంది అరిచారు, వెనక నిలబడ్డ తల్లులు, తండ్రులు కూడా అరిచారు. వాళ్లు కూడా ఒకప్పుడు ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లే. వీరేందర్ మెడ సాచి సత్యవ్వను చూశాడు. కుర్చీ చేతి మీద ఆమె ఎడమ చెయ్యి గొర్రెపిల్లతో పాటు నడుస్తోంది. వేళ్లతో మూడడుగులు వేస్తోంది, ఆగుతోంది, పిల్లలు అరిచాక మళ్లీ కదులుతోంది. కథ చెబుతున్నది ఆమే. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా ఆ చేతిని ఆపలేదు.

గొర్రెపిల్ల తొట్టిలో పడుకుంది. దీపాలు వేశారు. సత్యవ్వ కుర్చీలో వెనక్కి తిరగడానికి పెనుగులాడి, ఎడమ చెయ్యి పైకెత్తి, వేళ్లతో రమ్మని సైగ చేసింది. సంగీత గొంతు పెంచి, "తమ్మీ, నిన్నే," అన్నది. పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. మధ్యలో దారి వదిలారు.

అంతమంది కళ్ల ముందు నడవడం వీరేందర్‌కు చిన్నప్పటి నుంచీ చావుతో సమానం. పెళ్లిలో కూడా పీటల దాకా నడవడానికి జనం సద్దుమణిగే వరకు ఆగాడు. కానీ పిలిచింది అవ్వ. కదిలాడు. ఒకటి, రెండు, మూడు. ఆగి, తొడ మీద చేయి ఆనించి, తల ఎత్తి ముందుకు చూశాడు.

"అత్తాంది," అన్నారు పిల్లలు.

అందులో వెక్కిరింత లేదు. ఆట ఇంకా అయిపోలేదనుకున్నారు వాళ్లు, అంతే. స్వర్ణలత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరేందర్ నవ్వాడు. ఇంకో మూడడుగులు వేసి, ఈసారి కావాలనే కాస్త ఎక్కువసేపు ఆగాడు. పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు.

అలా నాలుగుసార్లు ఆగి సత్యవ్వ దగ్గరికి చేరాడు. కుర్చీ పక్కన, జంపఖానా మీద, పిల్లలందరికన్నా ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. సత్యవ్వ అతన్ని తేరిపార చూసింది. తర్వాత మెల్లగా కిందికి వంగి, తన ఎడమ చేతిని అతని సన్నబడిన కాలి పాదం మీద చటుక్కున పెట్టింది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. నలభై ఎనిమిదేళ్ల వీరేందర్ ఎగిరిపడ్డాడు. పిల్లలంతా విరగబడి నవ్వారు.